పథ్యము చెప్పువారి పళ్లెము

పరులకు పథ్యము చెప్పుట సులభమనియు, తాను పాటించుట కష్టమనియు లోకమెరుగును. కాని చెప్పుటయందును ఒక కష్టము కలదనియు, దానిని గుర్తింపనివారు మేలు చేయబోయి కీడు చేయుదురనియు 30 ఏండ్లు నర్సుగా పనిచేసిన నాకు ఒక బీద స్త్రీ నేర్పవలసివచ్చెను. ఆ సంగతిని సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

గడచిన మాఘమాసమున ఆర్మూరునకు చేరువనున్న అంకాపూరు పోయితిని. మాతోకూడ పనిచేసిన ఒక సోదరి ఉద్యోగము విరమించి యచ్చటనే కాపురమున్నది. పాత స్నేహితురాండ్రము నలుగురము ఆమె యింట ఒక దినము గడుపవలెనని చాలకాలమునుండి యనుకొనుచుంటిమి. అది పసుపు త్రవ్వు కాలము. ఉడికిన కొమ్ములు కల్లములలో ఎండుచుండెను. గాలియంతయు ఆ వాసనయే. ఈ ప్రాంతము పసుపు మీద బ్రతుకుచున్నదగుటచేతనే 2025 జనవరిలో జాతీయ పసుపుబోర్డు నిజామాబాదు కేంద్రముగా ఏర్పడినది. ఎర్రజొన్న విత్తనములకును, మొక్కజొన్నకును ఎంత పేరున్నదో, దేశికోడి కూరకును ఈ యూరికంత పేరున్నది. బాట వెంట పోవువారు ఆగి తిని పోవుదురు. అట్టి యూరిలో నలుగురు నర్సులు భోజనమునకు కూర్చుండి ఆహారమునుగూర్చి వాదించుకొనుట తగినదే గదా!

జొన్నరొట్టెలు, కోడికూర, పప్పు, అన్నము ఆరగించితిమి. తుదకు మా యింటి సోదరి బర్రెపెరుగు గిన్నె తెచ్చెను. మాలో చిన్నది, హైదరాబాదులో పనిచేయుచున్నది, చేయి యడ్డము పెట్టి, "నాకు వద్దక్కా. పాలు, పెరుగు మాని రెండేండ్లయినది" అనెను.

"పెరుగు లేకుంట అన్నమెట్ల దిగుతది చెల్లే?" అని యింటియామె ఆశ్చర్యపడెను. వాదమంతయు అచ్చటనే మొదలు.

చిన్నసోదరి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. పాలు లేగదూడ సొత్తనియు, పోతుదూడకు నేటి పాడిలో ఆశ్రయము లేదనియు ఆమె చెప్పెను. పెద్దలలో అనేకులకు పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి బాల్యము గడచినకొలది తగ్గిపోవుననియు, దక్షిణదేశమున నట్టివారెక్కువ యనియు, పాలు త్రాగి కడుపుబ్బరముతో బాధపడువారిని తాను నిత్యము చూచుచున్నాననియు ననెను. గాంధీమహాత్ముడు 1912లో దక్షిణాఫ్రికాయందు పాలు విడిచిన సంగతి కూడ జ్ఞప్తికి తెచ్చెను.

"అవును, మరల 1919లో జబ్బుపడి మేకపాలు పుచ్చుకొనెను గదా!" అని యింటియామె నవ్వెను. "ఆవు బర్రెల పాలను తలచుకొనియే తాను వ్రతము పట్టితినని సమాధానపడి, కస్తూరిబా మాట వినెను. తానాడిన మాటయందలి అక్షరమును కాపాడుకొంటినిగాని భావమును కాదని జీవితాంతము బాధపడిన మహానుభావుడాయన." పిదప తన వాదము వినిపించెను. పాలు తోడుకొన్నప్పుడు ఆ చక్కెరలో కొంతభాగము పులుపుగా మారును. అందుచే పాలు సరిపడనివారిలో పెక్కుమందికి పెరుగు, చల్ల సరిపడును. మన పూర్వులు అన్నము తుదిని చల్ల పోసికొనుట వట్టి యలవాటు కాదు. అంతేగాక 1970లో క్షీరవిప్లవము మొదలైన పిమ్మట మన దేశము 1998నాటికి పాల యుత్పత్తిలో ప్రపంచమున ప్రథమస్థానమందినది. ఆ పాలవెనుక నున్నది ఎక్కువగా ఒకటి రెండు పశువులు గల చిన్నయిండ్లు. వానికి మేత వేయునది, పేడ తీయునది స్త్రీ. పాల డబ్బు చాలయిండ్లలో ఆమె చేతికి వచ్చు ఒక్క డబ్బు.

మూడవ సోదరి మధుమేహరోగుల వార్డులో చాలకాలము పనిచేసినది. ఆమెకు దూడ బాధయు లేదు, డబ్బు బాధయు లేదు, స్థూలకాయమే బాధ. ఆవుపాలలో వెన్న నూటికి సుమారు నాలుగు పాళ్ళుండగా బర్రెపాలలో ఆరేడు పాళ్ళుండుననియు, కూర్చుండి పనిచేయువారికి ఆ మీగడపెరుగు అనవసరమనియు ఆమె మతము. అయినను తుదకామెయే ఒక మాట అనగా అందరము నవ్వితిమి: "మన నలుగురిలో పాలు మానినది ఒకతెయే, లావెక్కనిది మాత్రము ఒకతెయు లేదు!"

నిజమే. చిన్నసోదరి పాలు మానినది కాని, రాత్రి డ్యూటీలలో బిస్కెట్లు, వేపుడు పప్పులు మానలేదు. వానిలో పాలు లేకపోవచ్చును. నూనెయు పంచదారయు లేకపోలేదు. మేము ముగ్గురమును తెల్లవారుజాము నాలుగు గంటలకు టీ త్రాగి, తెల్లవారిన పిదప తిని పండుకొని, ఏండ్లతరబడి దేహములను పెంచుకొన్నవారమే. రోగులకు తూకము చూచుచు, మా తూకము చూచుకొననివారము.

నవ్వులు సద్దుమణిగిన పిదప నేను మాటాడలేదు. నా మనస్సున ఒక స్త్రీ మెదలినది. ఆమె కథ ఆనాటివరకు ఎవరికిని చెప్పలేదు. ఆ పళ్లెముల ముందరనే చెప్పితిని.

ఇది సుమారు 12 ఏండ్ల క్రిందటి మాట. ఈ జిల్లాలోనే ఒక చిన్న దవాఖానలో నుంటిని. నలుబదేండ్ల స్త్రీ మోకాళ్ళ నొప్పులని వచ్చెను. దినమంతయు చాటముందు కూర్చుండి బీడీలు చుట్టుట ఆమె వృత్తి, దేహము స్థూలము. ఒక బర్రె కూడ కలదు. బయట నలుబదిమంది వేచియుండిరి. నేనామెను తేరిపార చూచి, "పాలు, పెరుగు, నెయ్యి మానుము. ఒళ్లు తగ్గును" అని చెప్పి పంపితిని.

ఎనిమిది నెలలకు మరల వచ్చెను. ముఖము పాలిపోయినది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8కి దిగినది. దేహము రవంతయు తగ్గలేదు.

"మీరు చెప్పినట్టే పెరుగు మానేసిన సిస్టరమ్మా. పాలన్ని కేంద్రానికే పోస్తున్న. అయినా ఒళ్లు తగ్గలే, కాళ్లల్ల సత్తువ లేదు" అనెను.

అప్పుడు, మొట్టమొదటిసారి, ఆమె యేమి తినుచున్నదో అడిగితిని. మూడు పూటలు అన్నము, పచ్చిమిరప తొక్కు, వారమునకు రెండుమారులు పప్పు, పండుగకు మాంసము, పనిమధ్య నిద్ర రాకుండ నైదారు టీలు, ఒక్కొక్కదానికి రెండేసి చెంచాల పంచదార. ఆ పళ్లెములో నిత్యము కండకు బలమిచ్చునది ఏదైన నుండెనా యనిన, అది నేను మాన్పించిన యా పెరుగుగిన్నె! పంచదారను విడిచిపెట్టి పెరుగును తీసివేసితిని. ఆమె రక్తహీనతకు పెరుగు మానుటయే కారణమని నేననను. పాలలో ఇనుము మిక్కిలి స్వల్పము, దానికి వేరు కారణములుండెను. అన్నముతో త్రాగిన టీ కూడ ఇనుమును వంటబట్టనీయదు. కాని యీ కారణములలో ఒకదానినైనను నేనానాడు వెదకలేదు.

ఇనుము మాత్రలిచ్చి, పంచదార తగ్గింపుమనియు, దినము పప్పు వండుకొనుమనియు, ఒక గిన్నెడు పెరుగు తనకుంచుకొనుమనియు చెప్పితిని. ఆమె లేచుచు, కోపము లేకుండగనే, "గిది ముందుగాల అడిగితె అయిపోవు గద సిస్టరమ్మా" అనెను.

ఎందుకడుగలేదు? నలుబదిమంది బయటనుండుట ఒక కారణము. రెండవ కారణము చెప్పుటకు సిగ్గగుచున్నది. నేనును స్థూలకాయనే. ఆమె దృష్టి నా దేహము మీద పడుచున్నదని తోచి, ఆ ప్రసంగమును త్వరగా ముగింపవలెనని యాత్రపడితిని. నా సిగ్గును దాచుకొనుటకు ఆమె పళ్లెము ఖాళీచేసితిని.

నా మాట విని స్నేహితురాండ్రు కొంతతడవు మౌనముగా నుండిరి. అటుపిమ్మట వాదము వాదముగా సాగలేదు. మూడవ సోదరి మన రాష్ట్రపు లెక్కలు చెప్పెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 30 మంది అధికభారము గలవారు. నూటికి 57 మందికి పైగా రక్తహీనలు. ఈ రెండును ఒకే యూర, ఒకే యింట, ఒక్కొక్కచో ఒకే దేహమున నున్నవి. లావు వేరు, బలము వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో మన నగరమునకు తరలివచ్చినది. 2024 మే నెలలో అది ప్రకటించిన సూత్రములలో 2000 కిలోకేలరీల దినాహారమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు చెప్పబడినవి. ఇందు పాలకంటె మనము గమనింపవలసినది ధాన్యము. మన పళ్లెమున అన్నము కొండ, పప్పు దానిమీది పిట్ట!

పాలు మానదలచినవారు మానవచ్చును. కాని మానిన చోటును నింపవలెను. రాగులు, నువ్వులు సున్నమునిచ్చును, పప్పులు మాంసకృత్తులనిచ్చును. బి12 జీవసత్వము మాత్రము మొక్కలనుండి లభింపదు గనుక, గ్రుడ్డు, మాంసములు కూడ విడిచినవారు దానిని మందుగానైనను తీసికొనవలెను. చిన్నసోదరి యిందుకు సమ్మతించి, "నా నియమము నాది. దూడమీది నా జాలిని బాలింత పళ్లెములో పథ్యముగా వడ్డింపను" అనెను. ఇంటియామె పెరుగుగిన్నె ప్రక్కకు తీసి, ఆమె రొట్టెమీద నువ్వులపొడి వేసెను.

సోదరీమణులారా! పాలు త్రాగవలెనా, మానవలెనా యను ప్రశ్న మంచిదే. కాని మన యిండ్లలో దానికంటె ముందడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆ పాలు ఎవరు త్రాగుచున్నారు? పురుషులు, బిడ్డలు తినిన పిదప వడ్డించిన యామె కూర్చుండునప్పటికి పెరుగుగిన్నె అడుగంటియుండును. 2015 జనవరి నుండి ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణులకు అంగన్‌వాడీలలోనే కూర్చుండబెట్టి అన్నము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇయ్య నారంభించుటలోని యంతరార్థమిదియే. ఇంటికి పంపినది ఆమె నోటికి చేరునను నమ్మకము లేదు. ఇది మనకు గౌరవమా?

నేను ఉద్యోగము విడిచినను ఇరుగుపొరుగువారు సలహాకు వచ్చుచునే యుందురు. ఇప్పుడు నేను మొదట ఏ వస్తువును మానుమని చెప్పను. కూర్చుండబెట్టి, "నిన్న ప్రొద్దుటినుండి ఏమేమి తింటిరమ్మా?" అని యడుగుదును. సమాధానము వినుటకు పది నిమిషములు పట్టును. ఆనాడు ఆ పది నిమిషములు నావద్ద లేకపోలేదు.