ఈలా, కర్రా ఇస్తే సెక్యూరిటీ అయిపోతాడా?

మన చిన్నప్పుడు బెజవాడ వీధుల్లో అర్ధరాత్రి పూట గూర్ఖా తిరిగేవాడు, గుర్తుందా? కర్ర నేలకేసి టక్కు టక్కుమని కొడుతూ, మధ్యమధ్య ఈల ఊదుతూ వెళ్లేవాడు. నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడి సలాం పెడితే ఐదో పదో చేతిలో పెట్టేవాళ్లు. దొంగ నిజంగా ఎదురుపడితే ఏం చేస్తావయ్యా అని అతన్ని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఇప్పుడు పటమటలోనూ, మొగల్రాజపురంలోనూ పాత పెంకుటిళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. గేటు దగ్గర నీలం చొక్కా, టోపీ, భుజం మీద ఏజెన్సీ బిళ్ల పెట్టుకున్న మనిషి కూర్చుంటున్నాడు. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఎవరూ అడగడం లేదు.

నాకు ఈ విషయం మీద ధ్యాస కలగడానికి కారణం మా పనావిడ. మా వీధి ఆడవాళ్లం వేసుకునే చీటీలో ఆవిడా ఉంది. పోయిన సంక్రాంతి ముందు, "ఈ నెల పాట నాకు వదిలెయ్యండమ్మగారూ, ఎంత తగ్గినా పాడుకుంటాను" అంది. ఎందుకే అంత తొందర అంటే సంగతి చెప్పింది. కొడుక్కి పంతొమ్మిదేళ్లు. ఇంటర్ తప్పాడు. తండ్రి కైకలూరు వైపు చేపల చెరువుల మీద రాత్రి కాపలా కాస్తాడు. కొడుకు ఆ గట్ల మీదికి పోకూడదని ఆవిడ పంతం. ఎవరో ఒకాయన పదిహేను వేలు కడితే వారం రోజులు ట్రైనింగ్ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, బ్యాంకులో తుపాకీ పట్టుకునే ఉద్యోగం ఇప్పిస్తానన్నాడట. "తుపాకీ ఉన్నోళ్లకి జీతం ఎక్కువటండి. కుర్రాడు దర్జాగా ఉంటాడు" అని మురిసిపోయింది.

మా వారి పెదనాన్నగారి అబ్బాయి, నాకు బావగారు, మిలటరీలో హవల్దారుగా చేసి వచ్చి ఒక బ్యాంకులో గార్డుగా ఉన్నారు. ఆయనకి ఫోన్ చేశాను. విషయం విని, "పంతొమ్మిదేళ్ల వాడికి తుపాకీ ఏమిటమ్మా? లైసెన్సే రాదు" అన్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివాళ్లకి మామూలుగా లైసెన్సు ఇవ్వరు. "ఆ వారం రోజుల ట్రైనింగ్ సంగతి కూడా చూడు. అది మాలాంటి వాళ్లకి" అన్నారు. చూద్దును కదా, ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం అని ఒకటి వచ్చింది. 2006 నుంచి అమల్లో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర లైసెన్సు లేకుండా ఎవరూ ఈ వ్యాపారం చెయ్యకూడదు. చేస్తే ఏడాది దాకా జైలు, 25 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గార్డు వయసు 18 నుంచి 65 లోపు ఉండాలి. నడవడి ఎలాంటిదో విచారించాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ట్రైనింగ్ లెక్క స్పష్టంగా ఉంది: క్లాసులో 100 గంటలు, బయట 60 గంటలు, మొత్తం కనీసం 20 పనిరోజులు. మాజీ సైనికులకీ, మాజీ పోలీసులకీ మాత్రం 40 గంటలు, 16 గంటలు, ఏడు పనిరోజులు చాలు. వాళ్లు సగం పైన నేర్చుకునే వస్తారు కదా! అంటే ఆ పెద్దమనిషి పాత సిపాయిల లెక్క తీసుకొచ్చి, లాఠీ కూడా పట్టని కుర్రాడికి అమ్ముతున్నాడన్నమాట.

పనావిడకి ఒక్క మాట నేర్పి పంపాను. "ఏజెన్సీ లైసెన్సు కాగితం చూపించండి, మా అమ్మగారు చదివి పెడతారు" అని అడగమన్నాను. మొదటి రోజు ఆఫీసులో ఉందన్నాడట. రెండో రోజు హైదరాబాదులో ఉందన్నాడు. మూడోసారి ఈవిడ అడిగేసరికి, "నమ్మకం లేకపోతే మానెయ్యండి" అని కసురుకున్నాడు. ఆవిడ మానేసింది. చీటీ ఆ నెల పాడలేదు. కొడుకు మాత్రం నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. చేతికందిన ఉద్యోగం పోగొట్టిందని వాడి ఉక్రోషం.

తర్వాత బావగారే లైసెన్సున్న ఏజెన్సీ ఒకటి చూసి పంపించారు. అక్కడ ముందు కొలతలు తీశారట. మగవాళ్లకి 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల ఛాతీ ఉండాలి. ఊపిరి పీలిస్తే అది 4 సెంటీమీటర్లు పెరగాలి. ఆడవాళ్లకి ఎత్తు 150 చాలు, ఛాతీ కొలత లేదు. చూపు బాగుండాలి, రంగులు గుర్తుపట్టాలి. కిలోమీటరు దూరం ఆరు నిమిషాల్లో పరిగెత్తాలి. మావాడు ఎత్తులో గట్టెక్కాడు గానీ పరుగులో ఆయాసపడ్డాడు. పదిహేను రోజులు పొద్దున్నే బందరు కాలవ గట్టు మీద పరిగెత్తాడు.

క్లాసులో ఏం చెప్తారో అనుకున్నాను గానీ, ఆ చిట్టా చూస్తే నాకే నేర్చుకోవాలనిపించింది. యూనిఫారం ఎలా వేసుకోవాలి, జనంతో ఎలా మాట్లాడాలి అన్న దగ్గర మొదలవుతుంది. మంటలు ఆర్పడం, గుంపుని అదుపు చెయ్యడం, ప్రథమ చికిత్స, అనుమానంగా ఉన్న సంచీలో బాంబులాంటిది ఉంటే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, పోలీసు స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్. ఎలా రాయించాలి, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు, పోలీసు భుజం మీద నక్షత్రాలని బట్టి ఎవరు ఏ అధికారో పోల్చుకోవడం, ఇవన్నీ ఉన్నాయి. అపార్ట్‌మెంటుకి కాపలా, ఇంటికి కాపలా అని విడిగా పాఠాలున్నాయి. తుపాకీ వాడకం కూడా ఉంది గానీ అది తప్పనిసరి కాదు. కావలసినవాళ్లకే.

గుర్తింపు కార్డులు చదవడం మాత్రం తప్పనిసరి. ఇంగ్లీషు అక్షరాలూ, అంకెలూ రావాలి. మావాడికి అదే గండం అయింది. ఇంటర్ దాకా చదివినా ఇంగ్లీషు పేరు చూస్తే తడబడతాడు. సాయంత్రాలు మా వంటింటి గట్టు మీద నా ఆధార్ కార్డు, మా వారి డ్రైవింగ్ లైసెన్సు, గ్యాస్ పుస్తకం పెట్టి చదివించాను. ఫోటో చూసి ఊరుకోకూడదు, గడువు తేదీ కూడా చూడాలి అని వాడే నాకు తిరిగి పాఠం చెప్పాడు. మా వారి లైసెన్సుకి గడువు తీరి రెండు నెలలయిందని కనిపెట్టింది వాడే!

వాడి తల్లికి ఇంకో దిగులుండేది, ఖాకీ బట్టలు ఇవ్వలేదేమని. ఇవ్వరు. పోలీసు, మిలటరీ దుస్తుల్లా కనిపించేవి ప్రైవేటు గార్డులు వేసుకుంటే ఏడాది దాకా జైలో, 5 వేల దాకా జరిమానానో పడుతుంది. కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్ ఇచ్చారు, ఏజెన్సీ వాళ్లు ఫోటో గుర్తింపు కార్డు ఇచ్చారు. ఇప్పుడు ఒక ఆస్పత్రి గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. తల్లితో మాటలు మళ్లీ మొదలయ్యాయని వేరే చెప్పాలా?

తుపాకీ గార్డుల దారి వేరు. మన జిల్లాల్లో ఈ పని చేసేవాళ్లలో మాజీ సైనికులే ఎక్కువ కనిపిస్తారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని ఒక ఊరే ఉంది కదా, తరతరాలుగా సైన్యంలోకి వెళ్లే ఊరు. ఆయుధం పట్టుకోవడానికి లైసెన్సు ఉండాలి, 2016 నిబంధనల ప్రకారం భద్రంగా వాడడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ చూపించాలి. బావగారు ఒక మాట అంటుంటారు, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి తుపాకీ తుడవడమే గానీ పేల్చింది లేదని. ఏటీఎంలలో డబ్బు పెట్టే వ్యాను మీ వీధిలో ఆగినప్పుడు గమనించండి. 2018లో వచ్చిన కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం అందులో డ్రైవరు, తుపాకీ ఉన్న గార్డులు ఇద్దరు, డబ్బు చూసుకునేవాళ్లు ఇద్దరు ఉండాలి. టీ తాగడానికి వెళ్లినా ఒక గార్డు వ్యాను వదలకూడదు. పట్నాల్లో రాత్రి తొమ్మిది దాటాక ఏటీఎంలో డబ్బు నింపకూడదు.

ఇక మన గేటు సంగతికి వద్దాం. మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ చెవిదుద్దులు పోయాయని, పనివాళ్లు బయటికెళ్లేటప్పుడు సంచులు తడమమని గార్డుకి హుకుం జారీ చేసింది. గార్డు పోలీసు కాదండీ! కళ్లెదుట పెద్ద నేరం చేస్తున్నవాణ్ని మీరూ నేనూ ఎలా పట్టుకోవచ్చో, అతనూ అంతే. పట్టుకుంటే కొత్త చట్టం ప్రకారం ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. అంతకుమించి అతనికి ప్రత్యేక అధికారం ఏమీ లేదు. ఒక ఆడమనిషి సంచీలో చెయ్యి పెట్టమని అతనికి చెప్పడం అతన్నీ, ఆమెనీ ఇద్దర్నీ అవమానించడమే. (ఆ దుద్దులు తర్వాత దిండు గలీబులో దొరికాయి.)

అతను మనకి పనికొచ్చేది వేరే వేళల్లో. 2020 ఆగస్టు 9న తెల్లవారుజామున మన ఊళ్లోనే, కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్లో మంటలు రేగి 10 మంది చనిపోయారు. ఆ వేళప్పుడు మెలకువగా ఉండేది ఎవరు? గేటు దగ్గర మనిషే. కరెంటు మంట మీద నీళ్లు పొయ్యకూడదని, ముందు మెయిన్ తియ్యాలని, లిఫ్టు ఎక్కనివ్వకూడదని అతనికి తెలిసి ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కింది అంతస్తులో ఉండే వాచ్‌మన్ కుటుంబాలకే ముందు నీళ్లొచ్చాయి. మనల్ని లేపాల్సిన మనిషి తన పిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కాల్సి వచ్చింది.

మా గార్డుని అడిగాను, మంటలార్పే ఎర్ర సిలిండరు ఎప్పుడైనా వాడావా బాబూ అని. "దుమ్ము తుడుస్తానండి" అన్నాడు. ట్రైనింగ్ ఏమీ ఇవ్వలేదట. చేరిన రోజు చొక్కా, ఈల ఇచ్చి నిలబెట్టారు. పన్నెండు గంటల డ్యూటీలో కార్లు కడగడం, గ్యాస్ బండలు మొయ్యడం, స్కూలు బస్సు దగ్గర పిల్లల్ని దింపుకోవడం అన్నీ అతనివే. జీతంలోంచి పి.ఎఫ్. కోస్తున్నారు గానీ నెంబరు చెప్పడం లేదట.

మొన్న అసోసియేషన్ మీటింగులో ఈ విషయం ఎత్తాను. ఏజెన్సీ లైసెన్సు, గార్డు ట్రైనింగ్ సర్టిఫికెట్, పోలీసు విచారణ కాగితం, ఈ మూడూ తెప్పించమన్నాను. కోశాధికారిగారు లెక్కలు చెప్పారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లని పెట్టుకుంటే ఒక్కో ఫ్లాటుకి నెలకి మూడొందలు ఎక్కువవుతుందట. మగవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడో అంతస్తు మామ్మగారు మాత్రం, "మా మనవడు ఒక్కసారి తెప్పించుకునే బిర్యానీ అంతకంటే ఎక్కువ" అని గట్టిగానే అన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ మీటింగు. ఈసారి ఆడవాళ్లం ఎనిమిది మందిమి ముందు వరసలో కూర్చోవాలని నిశ్చయించుకున్నాం.