ఒక్కడికి గ్లాసు బియ్యం

ఎప్పుడూ వరి గురించో, మినుము గురించో, ఎలకల గురించో రాసేవాణ్ణి. ఇవాళ వేరే సంగతి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటేనే చదవండి.

నాకు 54 ఏళ్లు. పెళ్లి కాలేదు. బాపట్ల వైపు డెల్టా భూమి రెండెకరాల నలభై సెంట్లు, ఒక గేదె, నాన్న కట్టిన రెండు గదుల డాబా. చదువు ఇంటరు దగ్గర ఆగింది. ఇంతవరకు చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే, ఎందుకు చేసుకోలేదని. పెద్ద కథేం లేదండీ. నాన్న పోయేసరికి నాకు ఇరవై రెండు, కింద ఇద్దరు చెల్లెళ్లు. వాళ్ల పెళ్లిళ్లు, వాటి అప్పులు తీరేసరికి ముప్పై ఆరు దాటాయి. తర్వాత వచ్చిన సంబంధాలు ఒకటీ అరా కుదిరినట్టే కుదిరి తప్పిపోయాయి. ఆలోపు అమ్మకి పక్షవాతం వచ్చింది, తొమ్మిదేళ్లు మంచంలో ఉంది. నేను మొక్కుకుని ఇలా ఉండలేదు, ఎవరి మీదా అలిగీ ఉండలేదు. రోజులు అలా నడిచాయి. ఒకనాటికి "సరే ప్రభువా, ఇలాగే కానీ" అనుకున్నాను. అయితే ఆ అనుకోవడం ఒక్కసారితో అయ్యేది కాదు. ఏటా మళ్లీ అనుకోవాలి. కోతలై, కూలీల సందడి పోయి, ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల్లో మరీను.

మన గుళ్లల్లో పెళ్లిళ్లకి ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం చదువుతారు, అందరికీ వచ్చు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయం మీద ప్రసంగం మీరు ఎన్నిసార్లు విన్నారు? నేను రెండుసార్లు విన్నాను, ఈ యాభై ఏళ్లలో. పౌలు అక్కడ పెళ్లి చేసుకున్నవాడిదీ వరమే, చేసుకోనివాడిదీ వరమే అన్న అర్థంలో రాశాడు. పైగా ఈ విషయంలో తన దగ్గర ప్రభువు ఆజ్ఞ లేదు, తన ఆలోచన చెబుతున్నానని కూడా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. యిర్మీయాకి పెళ్లే వద్దన్నాడు దేవుడు. మన ప్రభువే పెళ్లి చేసుకోలేదు. అయినా ప్రార్థన ఎత్తుకోగానే "ఇక్కడున్న కుటుంబాలను దీవించు" అంటాం. నేను ఆ మాటకి ఆమెన్ అంటాను గానీ, నేను ఏ కుటుంబంలోకి వస్తానో నాకే తెలీదు.

మా అమ్మ నన్ను కన్నది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. ఆ పేరు ఎవరిదో చాలామందికి తెలీదు. డాక్టర్ అన్నా కుగ్లర్ అని అమెరికా లూథరన్ మిషనరీ, 1883లో గుంటూరు వచ్చింది. చదివింది వైద్యమే గానీ మొదట ఆమెని డాక్టరుగా పంపలేదు, జెనానా పనికి, బడుల పనికి పంపారు. అయినా రోగులు రావడం ఆగలేదు, ఆమె చూడడం ఆపలేదు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో అదే గుంటూరులో చనిపోయింది. పెళ్లి చేసుకోలేదు. మన జిల్లాల్లో మగడాక్టరు ముందుకి రాలేని ఆడవాళ్లు ఎంతమంది బతికి బట్టకట్టారో లెక్కేసుకోండి. ఒంటరి జీవితం అంటే ఏదో మిగిలిపోయిన బతుకు అనేవాళ్లకి నేను ఈమె సంగతి చెబుతాను.

కానీ ఒక మాట. పౌలు చెప్పినట్టు పెళ్లికాని వాడి మనసు చీలకుండా దేవుడి పని మీదే ఉంటుందంటే, అది దానంతట అది జరగదు. ఖాళీ చేలో వరి మొలవదు గదా, ఊద మొలుస్తుంది. ఒంటరివాడి మనసు నిండా వాడే ఉంటాడు, చూడండి. తన టీ టైము, తన మంచం, తన చిరాకు. ఎదురుచెప్పేవాళ్లు లేకపోతే మనిషి మొండి అవుతాడు. అందుకని పెద్ద చెల్లెలికి చెప్పి పెట్టాను, నా మాట కటువైతే మొహం మీదే అనమని. అంటది, మొహమాటం లేదు దానికి.

పవిత్రత గురించి కూడా రాయాలి, మగవాళ్లం ఈ మాట ఎత్తం. 54 వచ్చినంత మాత్రాన శరీరం ఊరుకోదు. రాత్రి తొమ్మిదికి ఫోను హాల్లో ఛార్జింగు పెట్టి నేను లోపల గదిలో పడుకుంటాను. నాట్ల రోజుల్లో ఆడకూలీల లెక్కలు మేస్త్రమ్మతోనే మాట్లాడతాను, డబ్బులూ ఆమె చేతికే. ఒంటరి ఆడమనిషి ఇంటికి పనిపడితే పక్కింటి కుర్రాణ్ణి వెంటబెట్టుకు వెళ్తాను. పల్లెటూళ్లో మాట పుడితే నా కన్నా ఆమెకే ఎక్కువ నష్టం.

ఇక నేను పనికొచ్చేది ఎక్కడంటే ఆసుపత్రి రాత్రుళ్ల దగ్గర. సంఘంలో ఎవర్ని గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చినా రాత్రి తోడు కావాలి. ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు, పొద్దున్నే కూలికి పోవాల్సినవాళ్లు ఎన్ని రాత్రులుంటారు? నాకు చాప, దుప్పటి, ప్లాస్కు ఒక సంచిలో ఎప్పుడూ కట్టే ఉంటాయి. గేదెకి పాలు పిండి బస్సెక్కుతాను. అర్ధరాత్రి సెలైన్ అయిపోతోందని నర్సమ్మని పిలవడం, ముసలాయన్ని పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్లడం, ఇంతే పని. అక్కడ చేసిన ప్రార్థన నేను గుళ్లో ఎప్పుడూ చేయలేదు.

అట్లాగని "నీకేముందిలే, ఒక్కడివే గదా" అంటే మటుకు ఒప్పుకోను. ఒక్కణ్ణి కాబట్టే నా పొలం పని ఇంకొకరు చూడరు. నాట్లప్పుడు, నూర్పిళ్లప్పుడు రానని చెప్పేస్తాను. సంఘపెద్దలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

భోజనం సంగతి ఒంటరివాళ్లందరికీ తెలుసు. ఒక్కడికి గ్లాసు బియ్యం. కూర వండితే రెండు పూటలు అదే. ఆరేళ్లుగా ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం నాలుగు గ్లాసులు పోస్తాను. భర్త పోయిన ఒక పెద్దమ్మ, వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మాస్టారు, ఆటో నడిపే ఒక కుర్రాడు, నేను. పెద్దమ్మ పప్పుచారు చేస్తుంది, నేను కోడి తెస్తాను. క్రిస్మస్‌కి కూడా అంతే. ముందైతే ఆ రోజు చెల్లెళ్ల ఇళ్లల్లో ఒక మూల కూర్చునేవాణ్ణి.

కిందటేడు నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రి. కాగితం ఇచ్చి "మీ తాలూకు ఎవరు, సంతకం పెట్టాలి" అన్నారు. చెల్లెళ్లు వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. పక్కింటి కుర్రాడు పెట్టాడు. సంబంధం అన్నచోట ఏం రాయాలని అడిగితే, కాసేపు ఆలోచించి "అబ్బాయి" అని రాశాడు. వాళ్ల నాన్న కూలి చేస్తాడు, సెంటు భూమి లేదు. నాలుగు రాత్రులు నా మంచం పక్కనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక వీలునామా గురించి ఒక వకీలు గారి దగ్గరికి వెళ్లాను. పెళ్లికాని క్రైస్తవులు ఎవరైనా ఉంటే ఇది వినండి. మనకి హిందూ వారసత్వ చట్టం వర్తించదు, 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. నాలాంటివాడు వీలునామా లేకుండా పోతే తండ్రి ఉంటే తండ్రికి, లేకపోతే తల్లికీ తోబుట్టువులకీ సమానంగా పోతుంది. ఇంకెవరికైనా సెంటు ఇవ్వాలన్నా రాసే పోవాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఎవరికి రాస్తున్నామో వాళ్లు గానీ, వాళ్ల భార్యో భర్తో గానీ సాక్షి సంతకం పెడితే వాళ్లకి రాసింది చెల్లదు. ఇది చాలామందికి తెలీదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకోవడం మంచిది. పూర్వం దగ్గరి బంధువులుండగా ధర్మకార్యానికి ఆస్తి రాయాలంటే చనిపోవడానికి కనీసం ఏడాది ముందే రాసి ఉండాలని ఒక సెక్షన్ ఉండేది. కేరళ ఫాదర్ ఒకాయన కోర్టుకెళ్తే 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

నేను రాయించింది ఇది. చెల్లెళ్ల పిల్లలకి చెరో ఎకరం. ఇల్లు సంఘానికి, మా మాస్టారు లాగా ఊరికి ఒంటరిగా వచ్చినవాళ్లు ఉండడానికి. మిగిలిన నలభై సెంట్లు, కాలవ పక్కది, పక్కింటి కుర్రాడికి.

ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టకముందే చెల్లెళ్లకి చెప్పాలి. చిన్నది ఏమీ అనదు. పెద్దదానికి ఆ నలభై సెంట్ల దగ్గర కోపం వస్తుంది, బయటివాడికి నాన్న భూమి ఏంటని. దానివైపు నుంచి చూస్తే అదీ నిజమే. మినుము నూర్పిడి అయ్యాక వచ్చే ఆదివారం ఇద్దర్నీ భోజనానికి రమ్మన్నాను. ఆ రోజు ఆరు గ్లాసులు పోయాలి.