అడ్డవేటు, నిలువువేటు

ఏప్రిల్ 21

కుడి మడమ దగ్గర ఎముక చిట్లింది. మేడ దిగుతూ ఆఖరి రెండు మెట్లనీ ఒకటే అనుకున్నాను, అంతే. ఆరు వారాలు కట్టు. సెలవులకి వచ్చిన మేనల్లుడు చిన్నా తన ప్లేస్టేషన్‌ని మా హాల్లో టీవీకి తగిలించాడు. "సీరియళ్లు ఎన్నని చూస్తావత్తా, రా, కత్తియుద్ధం చేద్దాం" అన్నాడు.

ఆట పేరు సోల్‌కాలిబర్ 6. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ముందు మూడు రౌండ్లు గెలిచినవాళ్లది ఆట. కొరడాలా సాగే కత్తి పట్టుకున్న ఆవిడ ఉంది, నిలువెత్తు గొడ్డలివాడున్నాడు, గొలుసుతో కట్టిన రెండు కర్రలు తిప్పేవాడున్నాడు. నేను మిత్సురుగి అనే జపాను సమురాయ్‌ని తీసుకున్నాను. వాడి చేతిలో ఉన్నది కత్తిలా కనిపించింది కనుక.

పద్నాలుగు ఆటలు ఆడాం. పద్నాలుగూ ఓడాను.

ఏప్రిల్ 22

"అత్తా, నువ్వు ఆడట్లేదు. పప్పు రుబ్బుతున్నావు."

ఉన్నవి నాలుగే బటన్లు. చతురస్రం నొక్కితే అడ్డవేటు, త్రిభుజం నొక్కితే నిలువువేటు, సున్నా నొక్కితే తన్ను, ఇంటూ గుర్తు నొక్కితే గార్డ్. ఆట భాషలో వీటిని ఎ, బి, కె, జి అంటారట. నేను నాలుగింటినీ ఒకేసారి కలియబెడుతున్నాను. మిత్సురుగి ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు కాబట్టి నేనూ ఏదో చేస్తున్నాననిపిస్తుంది. చిన్నా నా కంట్రోలర్ మీదికి వంగి చూసి ఆజ్ఞ జారీ చేశాడు. ఇవాళంతా ఎ, జి తప్ప ఇంకేదీ ముట్టకూడదు.

రెండు బటన్లతో ఆడినా ఓడాను. కానీ మొదటిసారి ఎందుకు ఓడానో చెప్పగలిగాను.

ఏప్రిల్ 24

ఇవాళ పాఠం వంటింటి సామానుతో. వాడు అప్పడాల కర్ర పట్టుకున్నాడు. నేను కుర్చీలో, కట్టు కాలు స్టూలు మీద.

కర్రని కుడి నుంచి ఎడమకి అడ్డంగా తిప్పాడు. "నువ్వు పక్కకి తప్పుకున్నావనుకో, అయినా తగులుతుంది. వంగావనుకో, నెత్తి మీంచి పోతుంది." పైనుంచి కిందికి దించాడు. "ఇది వంగితే నడినెత్తిన పడుతుంది, దెబ్బా గట్టిదే. కానీ పక్కకి ఒక్క అడుగేస్తే చాలు, గాలిని నరుకుతుంది." అడ్డంగా వచ్చేవన్నీ నెత్తి మీంచే పోవనీ, కాళ్లకి తగిలేవీ నడుముకి తగిలేవీ ఉన్నాయనీ తర్వాత చెప్పాడు. ముందు ఈ మాత్రం ఒంటబట్టాలట.

ఈ సిరీస్‌లో ఇదే పునాది. గుండ్రంగా ఎనిమిది దిక్కులకీ నడవొచ్చు కనుక అడుగు కూడా ఆయుధమే. అడ్డవేటు అడుగుని పట్టుకుంటుంది, అడుగు నిలువువేటుని తప్పించుకుంటుంది, నిలువువేటు వంగినవాడిని శిక్షిస్తుంది.

"అడుగేసి ఊరుకోకూడదు మరి. అడుగేశాక కొట్టాలి" అన్నాడు పోతూ పోతూ. నా కట్టు వంక చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఏప్రిల్ 25

నా పరువు పోయిన రోజు, రాసుకోక తప్పదు.

దెబ్బల్ని అంకెలతో రాస్తారు. 6 అంటే ముందుకు, 4 అంటే వెనక్కి, 2 కిందికి, 8 పైకి. మిత్సురుగికి 3బి ముఖ్యం, తగిలితే ఎదుటివాడు గాల్లోకి లేస్తాడని చెప్పి చిన్నా క్రికెట్‌కి పోయాడు. నేను ఫోను ముందు పెట్టుకుని, అంకెల పలకలో 3 ఎక్కడుందో చూసుకున్నాను. పైన, కుడి మూల. అంటే పైకీ ముందుకీ. గంటసేపు సాధన చేశాను. మిత్సురుగి కోతిలా ఎగిరి ఎగిరి దిగుతున్నాడు.

వాడొచ్చి చూసి, సోఫాలో పడి నవ్వాడు. అంకెలు ఫోనువి కావట, కంప్యూటర్ కీబోర్డు పక్కన ఉండే అంకెల గడివట. దాంట్లో 7, 8, 9 పైన ఉంటాయి, 1, 2, 3 కింద. ఇరవై రెండేళ్లు అకౌంట్స్ సెక్షన్లో ఆ గడి మీద చూడకుండా అంకెలు కొట్టినదాన్ని. కళ్లు మూసుకుని వేళ్లని అడిగినా చెప్పేవి.

ఏప్రిల్ 28

ఒక సెకనులో తెర అరవై సార్లు మారుతుంది. ఒక్కో మార్పుని ఫ్రేమ్ అంటారు. కంటికి కనపడి, బుర్రకి తెలిసి, వేలు కదలడానికి మామూలు మనిషికి పావు సెకను పడుతుందనుకుంటే పదిహేను ఫ్రేములు. అంతకంటే వేగంగా వచ్చే దెబ్బని చూసి ఆపడం అర్జునుడి వల్ల కూడా కాదు. ముందే గార్డ్ పట్టుకుని ఉండాలి.

మరి నిలబడి గార్డ్ పడితే కాళ్ల మీది దెబ్బలు తగులుతాయి. వంగి గార్డ్ పడితే నిలువువేటు. దీనికి చిన్నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు: "నిలబడే ఉండు. చురుకైన చిన్న తన్నులు తిను, పర్లేదు. కింద నుంచి వచ్చే పెద్ద వేటు మెల్లగా వస్తుంది, దాన్ని చూసి అప్పుడు వంగు." ఏ దెబ్బ తినాలో ముందే తేల్చుకోవడం నాకు నచ్చింది. నెలాఖరున బిల్లులు కట్టే పద్ధతీ అదే కదా.

ఇంకో సంగతి. టీవీ బొమ్మని అందంగా చేసే క్రమంలో కాస్త ఆలస్యం చేస్తుందట. సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టాక ఆ తేడా నాకే తెలిసింది. వారం రోజుల ఓటముల్లో ఒక వాటా టీవీ ఖాతాలో వేశాను. చిన్నా ఒప్పుకోలేదు.

మే 1

మధ్యాహ్నం నిద్ర పట్టక ఫోన్లో విఠలాచార్య సినిమాల కత్తియుద్ధాలు చూశాను. కత్తి కాంతారావు. నాన్న ఆయన సినిమా ఒక్కటీ వదిలేవాడు కాదు.

కొత్త కళ్లతో చూస్తే ఒకటి పట్టుకున్నాను. వాళ్లు మనిషిని కొట్టరు, కత్తిని కొడతారు. ఠంగ్ అని పైన, ఠంగ్ అని కింద, తిరిగి చోట్లు మారి మళ్లీ పైన. ఇద్దరికీ తెలుసు తర్వాత ఎవరిదో. అచ్చం కోలాటం. అందుకే అంత ముచ్చటగా ఉంటుంది, అందుకే ఎవరికీ దెబ్బ తగలదు. నేను ఇన్నాళ్లూ ఈ ఆటనీ కోలాటంలాగే ఆడుతున్నాను. నేనొకటి కొట్టి, వాడు ఆపి, నేను ఇంకోటి కొట్టి. రెండోది కొట్టే హక్కు నాకెవరిచ్చారు?

మే 4

హక్కు సంగతి ఇవాళ తేలింది. చిన్నా దాన్ని "టర్న్" అంటాడు. నేను వంతు అంటున్నాను.

పెద్ద వేటు వేస్తే, అది గార్డ్ మీద పడినా, కత్తి తిరిగి వెనక్కి రావడానికి కొన్ని ఫ్రేములు పడుతుంది. ఆపినవాడు అంతకంటే ముందే కోలుకుంటాడు. ఆ సందు పెద్దదైతే అప్పటికప్పుడు కొట్టొచ్చు, ఎదుటివాడు గార్డ్ కూడా పట్టలేడు. చిన్నదైతే ముందుగా కొట్టే అవకాశం మాత్రం మనది. తెర మీద ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ గంట కొట్టరు.

నా రోగం సరిగ్గా తలకిందులుగా ఉంది. వాడి వేటు ఆపాక "అమ్మయ్య" అనుకుని ఊరుకుంటున్నాను. నా వేటు వాడు ఆపాక కంగారుపడి ఇంకోటి కొడుతున్నాను. నా వంతులో నిద్ర, వాడి వంతులో కత్తి.

మందు ఇది. వాడు ఒకే ఒక్క నిలువువేటు పదే పదే వేస్తాడు. నేను ఆపాలి, ఆపిన చప్పుడు వినగానే చతురస్రం రెండుసార్లు. అంతకు మించి ఏమీ చేయకూడదు. మొదటి ఇరవై సార్లు చప్పుడుకి ముందే నొక్కి మాడు పగలగొట్టుకున్నాను. తర్వాత ఇరవై సార్లు ఆలస్యం. ఆ తర్వాత ఎక్కడో బొటనవేలు ఇంటూ మీంచి చతురస్రానికి జారడం, టంగుమన్న చప్పుడు, రెండూ ఒకటైపోయాయి. వేలి కొసన ఎర్రగా కందింది. వరసగా తొమ్మిది సార్లు తగిలింది. పదోసారి వాడు కొట్టకుండా నిలబడ్డాడు. నేను గాలిని నరికాను.

"చూశావా, చప్పుడు కూడా లేదు. అలవాటుగా నొక్కేశావు."

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఏదో అంటుంటే పూర్తికాకుండానే జవాబిచ్చాను. చిన్నా పెరుగన్నంలోంచి తలెత్తి "అత్తా, నీ వంతు కాదు" అన్నాడు.

మే 6

ప్రాణం గీత నిండుగా ఉండగా ఓడిపోయాను. వెనక్కి వెనక్కి నడిచి గట్టు మీంచి పడ్డాను. దీన్ని రింగ్ ఔట్ అంటారు. ఈ ఇంట్లో ఇప్పుడు పడ్డ ప్రతిదీ రింగ్ ఔటే. నిన్న పాలగిన్నె.

మే 9

ఈ కత్తుల కథ 1995లో సోల్ ఎడ్జ్ పేరుతో నాణెం వేసి ఆడే యంత్రాల్లో మొదలైంది. నామ్‌కో వాళ్లది. 1998లో సోల్‌కాలిబర్. సరిగ్గా ఇరవై ఏళ్లకి, 2018 అక్టోబరులో, నేను ఆడుతున్న ఈ ఆరోది. మిత్సురుగి మొదటి ఆట నుంచీ ఉన్నాడు.

చిన్నా ఇవాళ కిలిక్‌ని తీసుకున్నాడు. వాడి ఆయుధం పొడవాటి కర్ర. చూడగానే దసరాకి మా వీధిలోకి వచ్చే కర్రసాము తాత గుర్తొచ్చాడు. కర్ర తిరుగుతుంటే పిల్లలం దగ్గరికి పోయేవాళ్లం. ఆయన ఆపకుండానే "కర్రకి జానెడు అవతల నుంచోండి" అని అరిచేవాడు.

ఆ జానెడే నాకు తెలియలేదు. కిలిక్ కర్ర అందేంత దూరంలో నా కత్తి అందదు. దూరంగా నుంచుంటే చస్తున్నాను, పరిగెత్తి పోతే దారిలో చస్తున్నాను. చివరికి కర్ర కొస తగిలీ తగలని చోట నిలబడి, అది నా ముక్కు ముందు నుంచి పోయాక లోపలికి దూకితే రెండు వేట్లు దక్కాయి. తాత గీసిన గీత మీదే నిలబడ్డానన్నమాట, నలభై ఏళ్లు ఆలస్యంగా.

ముసాషి అనే జపాను ఖడ్గవీరుడు 17వ శతాబ్దంలో రాసిన పుస్తకంలో పైచేయి సాధించడానికి మూడు దారులు చెప్పాడు. తానే ముందు పోవడం, ఎదుటివాడు వచ్చినప్పుడు పట్టుకోవడం, ఇద్దరూ ఒకేసారి కదిలినప్పుడు గెలవడం. చిన్నాకి చెబితే "రెండోది ముందు నేర్చుకో" అన్నాడు.

మే 13

గార్డ్ ఇంపాక్ట్ పిచ్చి పట్టింది. ముందుకు నొక్కుతూ గార్డ్ కొడితే, సమయం కుదిరినప్పుడు ఎదుటివాడి వేటు పక్కకి ఎగిరిపోతుంది. ఆ మెరుపూ ఆ చప్పుడూ! లడ్డూ తిన్నంత తృప్తి. ఒకటి తిన్నాక ఆగలేం.

చిన్నాకి అర్థమవడానికి రెండు రౌండ్లు పట్టింది. కొట్టబోయి ఆగాడు. నేను గాలిలో ఇంపాక్ట్ కొట్టాను, చేతులు తెరుచుకున్నాయి, వాడు తీరుబడిగా నరికాడు. అంతకుముందు నాకు రివర్సల్ ఎడ్జ్ పిచ్చి, అంటే ఎదుటివాడి వేటుని కాచుకుని తిరిగి కొట్టే ఎత్తు. అదీ ఇంతే, మొదట్లో అన్నింటికీ మందులా కనిపిస్తుంది, వాడు పక్కకి అడుగేసేదాకా. పట్టులు మాత్రం సగం సగం జూదం. ఎ నొక్కాలో బి నొక్కాలో ఊహించి విడిపించుకోవాలి. వాటి మీద నాకు ఇంకా కోపంగానే ఉంది.

మే 17

ఇంటర్నెట్లో ముక్కూ మొహం తెలియని మనిషితో మూడు ఆటలు ఆడాను. మూడూ పోయాయి. దూరం వల్ల బటన్ నొక్కినదానికీ కత్తి కదిలినదానికీ మధ్య చిన్న బద్ధకం ఉంది, చింతపండు పులుసులో చెయ్యి తిప్పినట్టు. అవతలి మనిషిదీ అదే పులుసు, కనుక సాకు చెల్లదు.

భయపడి గార్డ్ పట్టుకునే కూర్చున్నాను. గార్డ్ కూడా అదే పనిగా దెబ్బలు తింటే పగిలిపోతుందని అప్పుడే తెలిసింది.

మే 24

పదకొండు ఓటములు. మళ్లీ పప్పు రుబ్బాను. చిన్నా కంట్రోలర్ పక్కన పెట్టి "చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలత్తా" అన్నాడు. నేను వాడికి ఎక్కాలు నేర్పిన రోజుల్లో ఇదే మాట, ఇదే గొంతుతో అన్నాను. ఏడో ఎక్కం దగ్గర. ఆ సంగతి వాడికి గుర్తు చేయలేదు.

మే 27

మూడు, రెండు. గెలిచాను.

ఆఖరి రౌండు రాసుకోవాలి. ఇద్దరి ప్రాణం గీతలూ సన్నగా అయిపోయాయి. వాడు ముందుకొచ్చి ఆగాడు, నేను ఇంపాక్ట్ కొడతానని. కొట్టలేదు. వాడు తన్నాడు, తిన్నాను, చిన్నదే. మళ్లీ ఆగాడు. చెయ్యి దురద పెడుతోంది, ఏదో ఒకటి నొక్కమని. నొక్కలేదు. అప్పుడు వాడికి విసుగొచ్చింది. కత్తి పైకి లేచింది, నిలువుగా. ఒక్క అడుగు పక్కకి. 3బి. సరైన 3.

చిన్నా ఏమీ అనలేదు. "సరే, ఇంకోటి" అన్నాడు. ఇంకో ఆరు ఆడాం, ఆరూ వాడే గెలిచాడు.

జూన్ 2

కట్టు విప్పారు. కాలు నాది కానట్టు, పాలిపోయి సన్నగా ఉంది. ఫిజియోథెరపీ అమ్మాయి గోడ పట్టుకోమంది. ముందుకి నడిపించలేదు. "పక్కకి వేయండమ్మా, ఇటు పది, అటు పది" అంది. మొదటి అడుగుకి చెమట పట్టింది.

చిన్నా నిన్ననే వాళ్ల ఊరు వెళ్లాడు, ప్లేస్టేషన్‌తో సహా. టీవీ వెనక వైరు చోటు ఖాళీగా ఉంది. సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను, పక్కకి ఇరవై అడుగులు వేశానని.

"కొట్టావా మరి?" అన్నాడు.