గడ్డిమీసము

లాల్‌గడి మలక్‌పేట చుట్టును ఎఱ్ఱచెలక నేలలును, రాతిబండలును, వాని నడుమ బీడులును గలవు. వానలు వెనుకబట్టిన పిమ్మట నీ బీళ్లలోని గడ్డి వెన్నుదీసి పండును. సాయంకాలపు టెండలో నది చూడ ముచ్చటగా నుండును. కాని యందు నడచి వచ్చినవారి పంచెయంచులు చూచినచో నా ముచ్చట వెనుక ముండ్లున్నవని తెలియును. మనకు గ్రుచ్చుకొనిన గింజను మనము వెంటనే యేఱి పాఱవేయుదుము. చేతులులేని కుక్క యేమి చేయగలదు? ఈ సంగతినే చదువరులకు మనవి చేయదలచితిమి.

వరివెన్నునకు మీసములుండుట యెల్లరెఱిగినదే. వీనినే సంస్కృతమున శూకములందురు. బీడుగడ్డిలో బల్లెమువంటి గింజగల జాతి యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానిని హెటెరోపోగన్ కంటార్టస్ అందురు. దీని గింజమొన సూదివలె వాడియైనది. ఆ మొనపై వెనుకకు వాలిన బిరుసు నూగుండును. మొనకు వెనుకనున్న పొడవైన మీసము త్రాటివలె మెలిపడియుండును. తడి తగిలిన మెలి విడును. ఆరిన మరల పడును. ఇట్లు తిరుగుచు గింజ తనంతట తానే నేలలోనికి దిగును. ఇట్టి గింజల పనితనమును గూర్చి చార్లెస్ డార్విన్ కుమారుడగు ఫ్రాన్సిస్ డార్విన్ 1876వ సంవత్సరమున నొక వ్యాసము ప్రకటించెను. నేలను దొలుచుటకై యేర్పడిన యీ సాధనమే కుక్కచర్మమును గూడ దొలుచును. కండరములు కదలినకొలది గింజ ముందునకే సాగునుగాని నూగు అడ్డుపడుటచే వెనుకకు రాదు.

మా వసతిగృహపు వాకిట నొక యూరకుక్క యుండెడిది. ఒక కార్తికమాసమున నది యకస్మాత్తుగా తల విదిలించుచు, ఒక ప్రక్కకు వంచుకొని మూలుగసాగెను. చెవిలో వెచ్చని నూనె పోయుదమని యొకరును, పిన్నుతో తీయుదమని మఱియొకరును అనిరి. మేమందఱమును తాతా యని పిలుచు కావలివాడు, “కంటికి కానరాని చోట చేయి పెట్టరాదు బిడ్డా” యని వారించెను. పశువైద్యుని యొద్దకు గొనిపోగా, ఆయన మత్తుమందిచ్చి, దీపముగల పరికరముతో చెవిలోనికి జూచి, కర్ణభేరి చెంతనున్న గింజను పట్టుకారుతో వెలికిదీసెను. పొడిచి చూచియున్నచో కర్ణభేరియే చినిగెడిదని యాయన చెప్పెను.

గింజ చొచ్చిన చోటునుబట్టి గుఱుతులు మాఱును. ముక్కులో దూరిన నెడతెగని తుమ్ములును, ఒక్కొకప్పుడు నెత్తురును గలుగును. కంటిలోనైన నీరుకారి కన్ను మూతపడును. కాలివ్రేళ్ల నడుమనైన కుక్క యాచోటనే నాకుకొనుచుండును. వాపు లేచి, చిల్లుపడి చీము కారును. ఊపిరితో లోనికి బోయిన గింజ రొమ్ములో చీము గట్టించి ప్రాణమునకే ముప్పు దెచ్చును. మందులచే చీము తగ్గినను గింజ లోననే యున్నంతకాలము పుండు మరల లేచును. సామాన్యముగా నెక్స్‌రే చిత్రములో గింజ కానరాదు. కావున కుక్క గడ్డిలో తిరిగినదన్న మాట వైద్యునికి తప్పక చెప్పవలెను.

నివారణ మాత్రము సులభము. గడ్డి వెన్నుదీయకమున్నే వాకిళ్లలో కోయింపవలెను. కుక్క బయటనుండి వచ్చినతోడనే వ్రేళ్ల సందులు, చెవులు, చంకలు, గజ్జలు తడవి చూచి, వెండ్రుకలు దువ్వవలెను. పొడవు వెండ్రుకలును, వ్రేలాడు చెవులును గల జాతులకు మఱింత జాగ్రత్త కావలెను. పైకి కనబడు గింజను మెల్లగా తీయవచ్చును. లోన దిగినదానిని వైద్యునికే విడువవలెను. బాధలోనున్న కుక్క సాధువైనను కఱచును. కఱచినచో గాయమును సబ్బుతో, పాఱు నీటిలో 15 నిమిషములు కడిగి వెంటనే యాసుపత్రికి బోవలెను.

పెంపుడు కుక్కకు యజమానుడు కలడు. వీధికుక్కకో, దాని కుంటును జూచి యాగి, పెద్దలకు తెలుపువాడే దిక్కు. విద్యార్థులారా, ఈ యేడు బీళ్లు పండినప్పుడు మీ వీధిలో నేదేని కుక్క తల వంచుకొని తిరుగుచున్నచో రాయి విసరకుడు. ఒక్క క్షణము నిలిచి చూడుడు.