జాజ్ ఎప్పుడో పోయిందట!

ఆఫీసులో బిల్డ్ అయ్యేలోపు నాకు జాజ్ వినే అలవాటు. కొందరు విమర్శకులేమో అది అరవైల్లోనే ఆగిపోయిందంటారు. కెన్ బర్న్స్ 2001లో ఇచ్చిన 'జాజ్' డాక్యుమెంటరీ చూడండి: పది భాగాల్లో, 1961 తర్వాతి కథంతా చివరి ఒక్కదాంట్లో కుక్కేశారు. (మొదటి తొమ్మిదీ అద్భుతం, అది వేరే సంగతి.) స్వింగ్ లేకపోతే అది జాజే కాదన్నది వీళ్ళ లెక్క.

మరి 2008లో రుద్రేశ్ మహంతప్ప చేసిన 'కిన్స్‌మెన్' సంగతేంటండీ? ఆయన ఆల్టో శాక్సోఫోన్ పక్కన కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక శాక్సోఫోన్, వయొలిన్ మీద మన విజయనగరం కన్యాకుమారి గారు, డ్రమ్స్‌తో పాటు మృదంగం! దీన్ని 'ఫ్యూజన్' అని పక్కన పడేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1963లో ఇండియాతో సహా ఆసియా తిరిగెళ్ళి ఎల్లింగ్టన్ 'ఫార్ ఈస్ట్ సూట్' చేస్తే మాత్రం అది నిక్షేపంలాంటి జాజ్!