నోట్లో ఉంటేనే రక్ష

విశాఖలో పళ్ళ డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకుంటే ఆటగాళ్ళ దవడలు చూడక తప్పదు. బాక్సింగ్ ప్రపంచ పోటీల్లో రజతం గెలిచిన ఎన్.ఉష ఈ ఊరి అమ్మాయే. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2009లో ఇక్కడి భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వి.రావు దగ్గర శిక్షణకు చేరి, 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయింది. ప్రొ కబడ్డీ పన్నెండో సీజను 2025 ఆగస్టులో మొదలైందీ ఇక్కడే. వీళ్ళను చూసి గాజువాక నుంచి పెందుర్తి దాకా పిల్లలు గ్రౌండుకి వెళ్తున్నారు. వాళ్ళలో కొందరు పన్ను విరగ్గొట్టుకుని మా క్లినిక్కి వస్తున్నారు.

అలా వచ్చినవాడే ఇంటరు చదివే ఒక బాక్సరు. స్పారింగ్‌లో దెబ్బ తగిలి పై ముందు పన్ను మూల ఎగిరిపోయింది. వాళ్ళ నాన్న ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు, సి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. నోట్లో పెట్టుకునే గార్డు, అదే గమ్‌షీల్డ్, లేదా అని అడిగితే కుర్రాడు తల దించుకుని, "ఉంది సార్, బ్యాగులో ఉంది. పెట్టుకుంటే ఊపిరాడదు, వాంతొచ్చినట్టుంటది" అన్నాడు.

తీసి చూపించమన్నాను. వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికి పెట్టుకునే రకం. మెత్తగా ఉన్నప్పుడు గట్టిగా కొరికేయడంతో దవడ పళ్ళ కింద కాగితంలా పలచబడింది. వెనక అంచు చివరి పన్ను దాటి అంగిలికి తగులుతోంది, వాంతి భావన అందుకే. ముందు భాగం పళ్ళకి పట్టకపోవడంతో జారిపోకుండా ఎప్పుడూ దవడ బిగించి ఉంచాలి. దవడ బిగిస్తే నోటితో గాలి పీల్చేదెలా? తడి ఆరకుండానే డబ్బాలో మూసిపెట్టేవాడు కాబోలు, లోపల నల్ల మచ్చలు, ముక్కు మూసుకోవాల్సిన వాసన.

"పన్నుకి సిమెంటు పెట్టేయండి సార్, గార్డు సంగతి తరవాత చూద్దాం" అన్నాడు తండ్రి. "మీకు సైజు కాని సేఫ్టీ బూట్లు ఇస్తే?" అని అడిగాను. "కరిచేస్తాయి సార్. సూపర్‌వైజరు అటు తిరగ్గానే విప్పేస్తాం" అని నవ్వేశాడు. ఆ తరవాత నేను పెద్దగా వివరించాల్సిన పని లేకపోయింది. వేసుకోవడానికి ఇబ్బందిగా ఉండే రక్షణ ఎవరి ఒంటి మీదా నిలవదు. గార్డు ఎంచుకునేటప్పుడు ధర కన్నా, రంగు కన్నా ముందు చూడాల్సింది అదే.

బజారులో దొరికేవి రెండు రకాలు. కొన్నది కొన్నట్టే పెట్టుకునేది ఒకటి, దాన్ని నేను సిఫారసు చేయను. రెండోది కొరికి పెట్టుకునే రకం. కొన్ని వందల్లో వస్తుంది, ఓపిగ్గా చేసుకుంటే పనికొస్తుంది. మెత్తబడ్డాక పళ్ళు మెల్లగా ఆనించాలి, పెదవి మీద నుంచి వేళ్ళతో అదమాలి, పొడుగైన వెనక అంచు కత్తిరించాలి. నోరు తెరిచినా పై పళ్ళను వదలకపోతే పట్టినట్టే. మూడో రకం మేం చేసేది. పళ్ళ అచ్చు తీసి, ప్లాస్టరు నమూనా పోసి, ఈవీఏ అనే ప్లాస్టిక్ రేకును వేడిచేసి దాని మీద నొక్కి చేస్తాం. ముందు పళ్ళ దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. దెబ్బ తీవ్రతను పంచుకుని పళ్ళనూ పెదవినీ కాపాడుతుంది గానీ, మెదడు అదురును కూడా ఆపుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. పోటీకి వెళ్ళే బాక్సర్లు ఎరుపు రంగుది కొనకూడదు. నోట్లో రక్తం కనపడదని నియమాలు ఒప్పుకోవు.

కబడ్డీ అమ్మాయి ఒకామె తెచ్చిన చిక్కు వేరు. రైడరు. "కూతకెళ్ళినప్పుడు మాట ముద్దగా వస్తాంది డాక్టర్ గారూ, అంపైరుకి వినపడకపోతే రైడ్ పోయినట్టే" అంది. కబడ్డీలో కూత ఆగకూడదు, గార్డేమో నాలుకకు అడ్డం. లోపలి వైపు అంగిలి మీదికి రాకుండా చిగురు అంచు దగ్గరే కత్తిరించి, పంటి మీద నునుపు చేసి ఇచ్చాం. అక్కడే కుర్చీలో కూర్చుని కూత పెట్టి చూపించింది. బయట బెంచీ మీదివాళ్ళు తొంగి చూశారు. ఆమెకు నప్పిన ఆకారం బాక్సరుకు నప్పదు. ఏ ఆట, ఏ పళ్ళు, పళ్ళకి కమ్మీలు (బ్రేసులు) ఉన్నాయా అని అడక్కుండా గార్డు చేయకూడదు. కమ్మీలున్నవాళ్ళు కొరికే రకం జోలికి వెళ్తే మెత్తని ప్లాస్టిక్ వాటికి పట్టుకుంటుంది. పాలపళ్ళు ఊడుతున్న పిల్లలకి కొత్త పన్ను వచ్చినప్పుడల్లా సరిచూడాలి.

పోర్టులో క్రేను నడిపే పెద్దాయన నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని కొడుకు గార్డు పెట్టుకుని పడుకునేవాడు. అది కుదరదు. రాత్రి గార్డు వేరే వస్తువు, చాలామందికి గట్టి యాక్రిలిక్‌తో కొరుకుడుకి తగ్గట్టు చేస్తాం. ఒకరి గార్డు ఇంకొకరు పెట్టుకోవడం అసలే వద్దు.

ఇక గార్డు సంరక్షణ. తీయగానే చన్నీళ్ళతో కడిగి, మెత్తని బ్రష్షుతో కాస్త సబ్బు పెట్టి తోమండి. గరుకు టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, ఆ గీతల్లో సూక్ష్మక్రిములు చేరతాయి. మన సముద్రపు ఉక్కకు తడి త్వరగా ఆరదు కాబట్టి పూర్తిగా ఆరబెట్టి, చిల్లులున్న డబ్బాలో పెట్టండి. వేడినీళ్ళు, ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీ దాని ఆకారాన్ని పాడుచేస్తాయి. చిరిగినా, వదులైనా, నమిలి నమిలి పలచబడినా మార్చేయండి.

ఇంత చేసినా పన్ను వేరుతో సహా ఊడితే కంగారు పడొద్దు. వేరు ముట్టకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో క్షణం కడిగి, శాశ్వత పన్నయితే అక్కడికక్కడే గూట్లో పెట్టి మెల్లగా కొరికి పట్టుకోమనండి. పెట్టలేకపోతే చల్లని పాలలో వేయండి. ఎలా అయినా అరగంటలోపు డాక్టరు దగ్గరికి రండి. జేబురుమాల్లో చుట్టి తెస్తే వేరు మీది జీవకణాలు ఎండి చనిపోతాయి. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరు.

కోచ్‌లు చేతి పట్టీలు, గ్లవ్స్ ముడులు రోజూ చూస్తారు. అప్పుడే "నోరు తెరువ్" అని కూడా అంటే సరి. తెరిచిన నోట్లో గార్డు జారిపోతుంటే ఆ రోజు స్పారింగ్ వద్దని చెప్పగలగాలి. కర్మాగారం గేటు దగ్గర హెల్మెట్ లేనివాణ్ణి లోపలికి పంపని ఊరు మనది. పిల్లలు రింగులోకి దిగేచోట కూడా అదే నియమం పెట్టుకోవడం మనకు చేతకాని పనేమీ కాదు.