తల్లికి పోసిన గంజి

భారతయుద్ధము ముగిసిన పిమ్మట అశ్వత్థామ విడిచిన అస్త్రము ఉత్తర గర్భముననున్న పసికందును తాకెను. రాజులందఱు నేలకొరగిన తరువాత కూడ యుద్ధము మిగిలియుండి, పుట్టని బిడ్డను వెదకికొనుచు పోయినది. మా నెల్లూరి తిక్కనసోమయాజి తెనిగించిన పర్వములను నాకు చెప్పిన గురువు మా అమ్మమ్మయే. ఈ ఘట్టము వచ్చినపుడెల్ల ఆమె పుస్తకము మూసి కొంతసేపు మాటలాడక యుండెడిది. చిన్నతనమున నాకు కారణము తెలియలేదు. తొలికాన్పునకు నేను పుట్టినింటికి వచ్చినపుడు ఆమెయే చెప్పినది. అమ్మమ్మ 1942లో, మూడునెలల పసికూనగా, తల్లి చంకనెక్కి బర్మానుండి పాఱివచ్చినదట.

ఆ కాలమున బర్మాలో మనవారు విస్తారముగా నుండిరి. 1931 జనాభా లెక్కలలో అచ్చటి భారతీయులు పదిలక్షలకు పైబడిరి. వారిలో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూను రేవున మూటలు మోయుట, బియ్యపుమరలలో పనిచేయుట మనవారిలో పెక్కుమందికి జీవనము. పూర్వము కోరంగి రేవున ఓడలెక్కి వచ్చినందున బర్మావారు వీరిని కోరంగీలని పిలిచెడివారు. మా అమ్మమ్మ తండ్రి ఒక బియ్యపుమరలో గుమాస్తా. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. 1942 మార్చి నాటికి పట్టణము జపానువారి వశమైనది. ఓడలలో చోటు దొరకినవారు కొందఱే. ఆ కొలది నెలలలో నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మాను విడిచిరని అంచనా. వారిలో అధికసంఖ్యాకులు కొండలును అడవులును దాటి నడచియే వచ్చిరి. వేలకొలది జనులు దారిలో రాలిపోయిరి. వారిని చంపినవి ముఖ్యముగా కలరా, రక్తవిరేచనములు, మలేరియా, ఆకలి.

అమ్మమ్మ కుటుంబము ప్రోమువఱకు వచ్చి, ఐరావతి దాటి, అరకాను కొండలగుండ టౌంగుప్ రేవునకు పోవు దారి పట్టినది. నూఱుమైళ్లకు పైబడిన ఆ దారిలో మంచినీరు అరుదు. ముందుపోయినవారు చెఱచిన వాగునీరే వెనుకవారికి దిక్కు. అమ్మమ్మకు మూడేండ్ల అన్న యుండెను. మూడవనాడు అతనికి విరేచనములు పట్టుకొనెను. నీరు పోసినకొలది విరేచనములు హెచ్చునని కూడ వచ్చిన పెద్దలు వారించిరి. పిల్లవాడు నీళ్లు నీళ్లని యేడ్చుచుండగా తల్లి తడిగుడ్డతో పెదవులు మాత్రము తుడిచెనట. మఱునాటి ఉదయమునకు బిడ్డ కన్నులు లోతునకు పోయెను. ఏడ్చుటకు కన్నీరును లేదు. ఆమె భుజముమీదనే అతడు కన్నుమూసెను. ఆ తల్లి ఎనుబదియేండ్లు బ్రదికినది గాని, నీరు పోయలేదన్న మాట ఆమె గుండెలోనుండి పోలేదు. ఏటేట ఆ తిథినాడు వీధిలోని పిల్లలనందఱిని పిలిచి కడుపునిండ పానకము పోయుచుండెడిది.

ఆమె తప్పుచేసినదని యనుటకు నాకు నోరు రాదు. ఆ నమ్మకము నేటికిని మన యిండ్లలో చావలేదు. విరేచనములతో దేహమునందలి నీరును ఉప్పును పోవును. బిడ్డను చంపునది ఆ ఎండిపోవుటయే. ఉప్పును చక్కెరయు తగుపాళ్లలో నీటిలో కలిపి యిచ్చినచో, చక్కెర తోడ్పాటుచే ప్రేగులు ఆ ఉప్పును నీటిని లోనికి తీసికొనును. ఈ సంగతి లోకమునకు రుజువైనదియు శరణార్థుల శిబిరముననే. 1971లో బంగ్లాదేశ యుద్ధమునుండి ఇంచుమించు కోటిమంది మన దేశమునకు వచ్చిరి. పశ్చిమ వంగమునందలి బనగాఁవ్ ఆసుపత్రిలో కలరారోగులు నేలమీదనే పడియుండిరి. నరములలోని కెక్కించు సెలైను చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే గ్రుక్కగ్రుక్కగా త్రాగించెను. నూటికి ముప్పదివఱకు నుండిన మరణములు నాలుగునకు లోపుగా తగ్గినవి. అచ్చట దాదులై నిలిచినవారు తల్లులు, అక్కలు, అవ్వలు. మా అమ్మమ్మ తల్లి కాలమునకు ఇరువదితొమ్మిదేండ్లు ఆలస్యముగా వచ్చిన విద్య యిది.

ఇక చంకనున్న పసిపిల్ల ఎట్లు బ్రదికెను? కొడుకు పోయిన తరువాత ఆ తల్లి అన్నము ముట్టలేదు. పాలు తగ్గిపోయినవి. అదే గుంపులో శ్రీకాకుళపు సీమనుండి రేవుకూలికి వచ్చినవాని భార్య యొకతె యుండెను. రాత్రి మజిలీలో ఆమె మూడు రాళ్లమీద గంజి కాచి తెచ్చి ముందుపెట్టెను. బిడ్డ నోట రెండు చుక్కలు వేయబోగా ఆమె చేయి పట్టుకొని, "దానికి కాదమ్మా, నీకు. నువ్వు తాగితే అది తాగుతాది" అన్నదట. మడియాచారముల యింట పుట్టిన మా అమ్మమ్మ తల్లి ఆ గంజి త్రాగినది. టౌంగుప్ చేరువఱకు ప్రతి సాయంకాలమును ఆమె గంజి పోయుచునే యుండెను. అకయాబు, చిట్టగాంగు, కలకత్తా మీదుగా నెల్లూరు చేరునప్పటికి తల్లి ఎముకలగూడు. పిల్ల మాత్రము చన్ను విడువక బ్రదికియుండెను.

ఇంత విన్నదానను, నేనును పొరపడితిని. 2021 నవంబరులో పెన్న పొంగి మా జిల్లాలో పల్లెలు మునిగినపుడు, సముద్రతీరమందలి మా యూరి పాఠశాలలో కొన్ని కుటుంబములు తలదాచుకొనినవి. మా వారు అందు ఉపాధ్యాయులగుటచే వంటపనికి నేనును పోతిని. రెండునెలల బిడ్డతో నొక చిన్నది పాలు లేవని కంటనీరు పెట్టుకొనగా, వెంటనే మనిషిని పంపి పాలపొడి డబ్బాయు సీసాయు తెప్పించితిని. పుణ్యము చేయుచున్నానని నా తలంపు. అప్పుడే వచ్చిన ఆశా కార్యకర్త నా చేతిలోని డబ్బాను చూచి, "అమ్మా, ఈ సీసా కడగడానికి శుభ్రమైన నీళ్లేవి? ఈ పిల్ల అన్నం తినిందో లేదో అడిగారా?" అనెను.

నేను అడుగలేదు. ఆ చిన్నది ముందునాటి మధ్యాహ్నమునుండి తినలేదు. పొట్లములు వచ్చినపుడు మామగారికి, భర్తకు, పెద్దబిడ్డకు ఇచ్చి తాను మంచినీళ్లు త్రాగినది. పదిమంది మగవారున్న గదిలో చన్నిచ్చుటకు సిగ్గుపడి, బిడ్డను రొమ్మున పెట్టుకొనుటయే తగ్గించినది. మేము రెండు చీరలతో మూలను తెఱకట్టితిమి. వేడియన్నము, పప్పు పెట్టితిమి. భయముచే పాలు ఎండిపోవని, కొంతసేపు దిగక నిలుచునని, బిడ్డ చీకుటయే వానిని మరల రప్పించునని ఆశా చెప్పెను. మూడవనాటికి బిడ్డ కడుపునిండి నిద్రించినది. డబ్బాను అంగడికి తిప్పిపంపితిని.

తరువాత ఈ విషయమై చదివితిని. డాక్టరు సిసిలీ విలియమ్సు అను ఆమె, పసిబిడ్డలకు డబ్బాపాలు మరపుటను 1939లోనే సింగపూరున తీవ్రముగా ఖండించెను. యుద్ధములో ఆమె జపానువారి చెఱలో చిక్కి 1945వఱకు నుండెను. చాంగీ చెఱలో 20 మంది బిడ్డలు పుట్టగా, 20 మందియు తల్లిపాలు త్రాగి, 20 మందియు బ్రదికిరని ఆమె తరువాత చెప్పినది. మన దేశమున 1992లో వచ్చిన చట్టము, అనాథాశ్రమములకు దక్క, పసిబిడ్డల పాలపొడిని పాలసీసాలను దానమిచ్చుటను నిషేధించినది. నేను పుణ్యమనుకొన్నది చట్టము కూడదన్న పని.

ఈ కథ గడచిపోయినది కాదు. మా తీరమునకు దక్షిణపుకొస తడ. దానికావల గుమ్మిడిపూండిలో, 1983నుండి 2009వఱకు సాగిన లంక యుద్ధమునుండి వచ్చినవారి శిబిరము కలదు. 2021 లెక్కలో తమిళనాడున అట్టి శిబిరములు 108; అందలి జనులు 58 వేలకు పైబడిరి. ఛత్తీస్‌గఢు అడవులలో 2005లో చెలరేగిన సంఘర్షణకు వెఱచి భద్రాచలపు అడవులలో గుడిసెలు వేసికొనిన గుత్తికోయలును కలరు. బాటలేని గూడెములనుండి గర్భిణులను డోలీలో మోసికొని వచ్చు వార్తలు మనము వినుచునే యున్నాము.

సోదరీమణులారా, నిలువనీడ లేనివారికి మీరేమైన పంపదలచినచో తల్లిని తలచి పంపుడు. బియ్యము, పప్పు, బెల్లము, నూనె, తెఱకట్టుటకు చీరలు, కాచిన నీటికి మూతగల బిందెలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు. పొట్లము లేనిచోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచాతలము సమముగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగింపవలెను. చన్నుపాలు మాన్పింపరాదు. బిడ్డ మత్తుగానున్నను, త్రాగలేకున్నను, మలములో రక్తము పడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

ఆ పాఠశాలలోని చిన్నది కడపట తినుటను వరదలో నేర్వలేదు, అత్తవారింట నేర్చినది. మనలో చాలమంది అట్లే నేర్చితిమి. ఇల్లున్ననాడు ఆ అలవాటు కనబడదు. ఇల్లు పోయిననాడు ఆ కడపటి విస్తరిలో ఏమియు మిగులదు. అప్పుడు బిడ్డకు పాలుండవు. అందుచే మా యింట బాలింతయున్న దినములలో తొలివిస్తరి ఆమెకే వేయుదుము. మొదట మా అత్తగారు వింతగా చూచిరి; ఇప్పుడు వారే వడ్డించుచున్నారు.

ఆ కొండదారిలో గంజి కాచిన తల్లి పేరు మా వంశమున ఎవరికిని తెలియదు. టౌంగుప్ రేవున జనసమ్మర్దములో ఆమె విడిపోయెనట. ఇల్లు చేరెనో లేదో. అమ్మమ్మకు నలుగురు బిడ్డలు, తొమ్మండ్రు మనుమలు. మేమందఱము ఆ గంజికి ఋణపడినవారమే.